చిగుళ్ల వ్యాధికి డీప్ క్లీనింగ్: కొలతతో మొదలుపెట్టి కొలతతో తేల్చుకోవలసిన చికిత్స

పళ్లు తోముకునేటప్పుడు ఉమ్మిలో నెత్తురు జీర కనిపిస్తే, బ్రష్ గట్టిగా తగిలి ఉంటుందని సరిపెట్టుకునేవారే ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న చిగురు మామూలుగా తోముకున్నంత మాత్రాన నెత్తురు కారదు. పంటికీ చిగురుకీ మధ్య పాచి పేరుకుని, అందులోని సూక్ష్మజీవుల వల్ల చిగురు వాచినప్పుడే సాధారణంగా అలా జరుగుతుంది. 1965లో డెన్మార్క్‌లో హరాల్డ్ లోయె అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ఆరోగ్యవంతులైన కొందరి చేత పళ్లు తోముకోవడం మాన్పించి చూడగా, రెండు మూడు వారాల్లోనే అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోముకోవడం మొదలుపెట్టగానే కొద్ది రోజుల్లో ఆ వాపు తీసింది. ఈ తొలి దశలో మామూలు స్కేలింగ్ (పరికరంతో పళ్ల మీది పాచి, గార తీయడం), ఇంటి దగ్గర సరైన శుభ్రత సరిపోతాయి.

వాపు ఏళ్ల తరబడి కొనసాగినప్పుడు కొందరిలో అది లోపలికి దిగుతుంది. చిగురు పంటి వేరు నుంచి విడిపోయి మధ్యలో సంచిలాంటి ఖాళీ ఏర్పడుతుంది. దంతవైద్యులు దీనినే పాకెట్ అంటారు. దాని అడుగున పంటిని పట్టి ఉంచే ఎముక కొద్దికొద్దిగా కరిగిపోతుంది, వేరు మీద గట్టిపడిన నల్లటి గార పేరుకుంటుంది. ఆ లోతుకు ఏ బ్రష్షూ, ఏ పుక్కిలింత మందూ చేరదు. డీప్ క్లీనింగ్ అవసరమయ్యేది ఈ దశలోనే. చిగురు కింద వేరు మీద ఉన్న గారను తొలగించి, వేరు ఉపరితలాన్ని శుభ్రం చేయడం దీని పని. దంతవైద్యుల చీటీలో ఇది స్కేలింగ్ అండ్ రూట్ ప్లేనింగ్ అన్న పేరుతో కనిపిస్తుంది.

ఈ చికిత్స మీకు అవసరమా కాదా అన్నది పళ్ల రంగు చూసి తేల్చేది కాదు, కొలిచి తేల్చేది. మిల్లీమీటర్ల గీతలున్న సన్నని మొండి పరికరాన్ని చిగురు అంచున మెల్లగా దించి, ఒక్కొక్క పంటి చుట్టూ ఆరు చోట్ల లోతు చూస్తారు. వైద్యులు ‘మూడు, రెండు, అయిదు’ అని చెబుతూ ఉంటే సహాయకులు రాసుకుంటారు. 1 నుంచి 3 మిల్లీమీటర్ల వరకూ ఆరోగ్యకరమైన లోతు. 4 లేదా అంతకు మించిన అంకెలు, వాటితోపాటు పరికరం తగిలిన చోట నెత్తురు, ఎక్స్‌రేలో ఎముక తగ్గినట్టు కనిపించడం, ఈ మూడూ కలిస్తే డీప్ క్లీనింగ్ సూచించడం న్యాయమే. కొలత తీయకుండానే నోట్లోకి ఒక్కసారి చూసి డీప్ క్లీనింగ్ చేయించుకోవాలన్నారనుకోండి, పాకెట్ల లోతు ఎంత ఉందో, ఏ ఏ పళ్ల దగ్గర ఉందో మర్యాదగా అడగండి. ఆ కొలతల పట్టిక నకలు తీసుకుని దాచుకోండి. చికిత్స ఫలించిందో లేదో తర్వాత తేల్చేది ఆ పట్టికే కనుక నేను దీనిని ఇంతగా నొక్కి చెబుతున్నాను.

చిగుళ్ల వైద్యంలో ఎండీఎస్ అనే పీజీ డిగ్రీ చేసిన నిపుణులను పీరియాడాంటిస్టులు అంటారు. పాకెట్లు లోతుగా ఉన్నవారు, పళ్లు కదులుతున్నవారు వారి దగ్గరికి వెళ్లడం మంచిది. హైదరాబాద్‌లోని అఫ్జల్‌గంజ్, విజయవాడ, కడపలలో ఉన్న ప్రభుత్వ దంత వైద్య కళాశాలల ఆసుపత్రులలో ఈ చికిత్స తక్కువ ఖర్చుతో జరుగుతుంది. అక్కడ పీజీ విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో చేస్తారు. కొంత ఎక్కువ సమయం పట్టినా, కొలతలు తీసి రాయడంలో వారు చూపే శ్రద్ధ రోగికి మేలే చేస్తుంది.

వెళ్లే ముందు మీరు వాడుతున్న మందుల చీటీలన్నీ దగ్గర పెట్టుకోండి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటి రక్తాన్ని పలుచన చేసే మందులు వాడేవారు ఆ సంగతి ముందుగానే చెప్పాలి గాని, వాటిని సొంతంగా ఆపకూడదు. గుండె వైద్యుల మాట లేకుండా ఆపడం నెత్తురు కారడం కన్నా పెద్ద ప్రమాదం. కృత్రిమ గుండె కవాటం ఉన్నవారికి చికిత్సకు ముందు యాంటీబయోటిక్ ఇవ్వవలసి ఉంటుంది. బీపీకి వాడే ఆమ్లోడిపిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ వల్ల కొందరిలో చిగుళ్లు పెరుగుతాయి కాబట్టి వాటి పేర్లు కూడా చెప్పండి. గర్భిణులకు నాలుగో నెల నుంచి ఆరో నెల వరకూ అనువైన కాలం.

మధుమేహం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ల వ్యాధి ముదురుతుంది, చిగుళ్లలో వాపు ఉన్నంతకాలం షుగర్ అదుపులోకి రావడమూ కష్టమవుతుంది. చిగుళ్లకు చికిత్స చేయించుకున్న మధుమేహ రోగులలో మూడు నాలుగు నెలలకు హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే రక్తపరీక్ష అంకె) సగటున 0.4 శాతం మేర తగ్గినట్టు పరిశోధనలను సమీక్షించినవారు తేల్చారు. మన ఇళ్లలో షుగర్ లేని ఇల్లు అరుదైపోయిన ఈ రోజుల్లో, మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేయించుకునేవారు ఏటా ఒకసారైనా చిగుళ్ల కొలత తీయించుకోకపోవడం నాకు ఎంతో బాధ కలిగించే విషయం. చికిత్స రోజున ఉపవాసం ఉండనక్కర్లేదు. వేళకు తిని, వేళకు మందు వేసుకునే వెళ్లాలి.

చికిత్సను సాధారణంగా రెండు విడతలుగా, ఒక్కోసారి నోటిలో ఒక పక్క చొప్పున చేస్తారు. అలా అయితే రెండో పక్కతో నమలవచ్చు. ఒక్కో విడతకు ముప్పావు గంట నుంచి గంట వరకూ పడుతుంది. మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక పెదవి, చిగురు మొద్దుబారుతాయి. మొదట నీళ్లు చిమ్ముతూ సెకనుకు వేల సార్లు కంపించే అల్ట్రాసోనిక్ పరికరంతో గారను పెళ్లగిస్తారు. లాలాజలం వచ్చే నాళాలు దగ్గరగా ఉండడం వల్ల కింది ముందు పళ్ల వెనక వైపునా, పై దవడ పళ్ల బుగ్గ వైపునా గార ఎక్కువగా ఉంటుంది. కింది ముందు పళ్ల వెనక నుంచి ఊడివచ్చే పెచ్చులు కొన్నిసార్లు నాలుకకు తెలుస్తాయి. ఆ తర్వాత క్యూరెట్లు అనే కొన వంగిన పరికరాలతో వేరును చేత్తో గీకుతారు. గార ఉన్న చోట గరగరమన్న చప్పుడు వినిపిస్తుంది, వేరు శుభ్రపడే కొద్దీ ఆ చప్పుడు తగ్గి పరికరం నునుపుగా జారుతుంది. నొప్పి తెలిస్తే చెయ్యి ఎత్తండి, మరికొంత మత్తు ఇస్తారు. ఓర్చుకుని కూర్చుంటే లోతైన చోట పని సగంలో ఆగే అవకాశం ఉంది.

మత్తు రెండు మూడు గంటలు ఉంటుంది. అది పూర్తిగా దిగే వరకూ వేడి కాఫీ, టీ తాగకండి, ఏమీ నమలకండి. తెలియకుండానే బుగ్గ కొరుక్కుంటారు. ఒకటి రెండు రోజులు ఉమ్మిలో కొద్దిగా ఎరుపు కనిపించవచ్చు. గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించండి. వైద్యులు క్లోర్‌హెక్సిడిన్ అనే పుక్కిలింత మందు రాసిస్తే చెప్పినన్నాళ్లే వాడాలి, ఎక్కువ రోజులు వాడితే పళ్ల మీద గోధుమరంగు మరకలు పడతాయి. పేస్టుతో తోముకున్న వెంటనే దానితో పుక్కిలిస్తే మందు పని తగ్గుతుంది కాబట్టి అరగంట ఆగాలి. యాంటీబయోటిక్ మాత్రలు అందరికీ అవసరం లేదు, మందుల దుకాణంలో అడిగి సొంతంగా కొనవద్దు.

కొన్ని వారాల పాటు చల్లని నీళ్లు తగిలితే పళ్లు జివ్వుమనడం, పళ్ల మధ్య సందులు కనిపించడం, పళ్లు కాస్త పొడుగైనట్టు ఉండడం సహజం. ‘క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులైపోతాయి’ అన్న మాట మన వాళ్లలో నాటుకుపోవడానికి ఇవే కారణం, ఆ భయంతో వైద్యానికి దూరంగా ఉండి పళ్లు పోగొట్టుకున్నవారు ఎందరో. జరిగేది ఇది: వాచిన చిగురు మామూలు స్థితికి చేరి కిందికి దిగుతుంది, అంతకాలం గార కప్పి ఉంచిన వేరు బయటపడుతుంది. ఎముక అంతకు ముందే కరిగి ఉంటుంది, ఆ పళ్లను కొంతకాలంగా గారే కుండకు వేసిన అతుకులా పట్టి ఉంచింది. అది తీసేసరికి ఎప్పటి నుంచో ఉన్న కదలిక తెలుస్తుంది. వాపు తగ్గి చిగురు మళ్లీ వేరును అంటుకున్నాక చాలా పళ్లు కొంత గట్టిపడతాయి. జివ్వుమనడానికి పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు వాడవచ్చు.

ఇక ఇంటి దగ్గర మీరు చేసే పని మీదే మిగతా ఫలితం ఆధారపడి ఉంటుంది. మెత్తటి బ్రష్షును చిగురు అంచు వైపు ఏటవాలుగా పట్టి, రెండు నిమిషాలు, రోజుకు రెండుసార్లు తోముకోండి. సందులున్న చోట చిన్న సీసా బ్రష్షులా ఉండే ఇంటర్‌డెంటల్ బ్రష్‌ను రోజుకొకసారి వాడండి. సందు వెడల్పును బట్టి ఏ సైజు కావాలో వైద్యులనే అడగండి. వేపపుల్ల పళ్ల పైభాగాన్ని తోమగలదు గాని పళ్ల మధ్యకు చేరలేదు. ఉప్పు, బొగ్గు, గరుకు పళ్లపొడులు ఇప్పుడు అసలే వద్దు. బయటపడిన వేరు పంటి పై పొరకన్నా మెత్తనిది, త్వరగా అరుగుతుంది. బీడీ, సిగరెట్, చుట్ట, గుట్కా, ఖైనీ కొనసాగిస్తే చికిత్స ఫలం చాలా వరకూ పోతుంది. పొగతాగేవారిలో నెత్తురు తక్కువగా కనిపిస్తుంది కాబట్టి వ్యాధి లేదన్న భ్రమ కూడా కలుగుతుంది.

ఆరు నుంచి పన్నెండు వారాల తర్వాత మళ్లీ కొలత తీయించుకోండి. అంతకన్నా ముందు కొలిస్తే మానుతున్న చిగురు సరైన అంకె చూపదు. పాత పట్టికతో పోల్చి చూసినప్పుడు పాకెట్లు 4 మిల్లీమీటర్లు లేదా అంతకు తక్కువకు వచ్చి, నెత్తురు ఆగితే చికిత్స ఫలించినట్టే. ఆరేడు మిల్లీమీటర్ల పాకెట్లు ఇంకా మిగిలి ఉంటే, ఆ చోట చిగురు తెరిచి శుభ్రం చేసే ఫ్లాప్ సర్జరీ గురించి మాట్లాడవలసి రావచ్చు. కరిగిన ఎముక డీప్ క్లీనింగ్‌తో పూర్తిగా తిరిగి రాదు, ఉన్నదాన్ని నిలబెట్టుకోవడమే దీని లక్ష్యం.

పాకెట్లలో సూక్ష్మజీవులు కొన్ని వారాల్లో మళ్లీ కుదురుకుంటాయి కనుక తొలి ఏడాది మూడు నెలలకోసారి, ఆ తర్వాత వైద్యులు చెప్పిన గడువు ప్రకారం శుభ్రం చేయించుకోవాలి. వైద్యులను మార్చినా పాత పట్టికను వెంట తీసుకెళ్లండి. చిగురు నుంచి చీము వచ్చినా, ఒక పన్ను ఉన్నట్టుండి వదులైనా, వాపుతో జ్వరం వచ్చినా గడువు కోసం ఆగకుండా వెంటనే వెళ్లాలి.