తొలి క్రైస్తవ సమర్థన రచనలు ఎక్కడ మొదలెట్టి చదవాలి

పర్లాకిమిడి, గుణుపురం వైపు మన తెలుగు సంఘాల కుర్రాళ్ళు ఆదివారం ఆరాధన అయ్యాక ఇవి, అంటే రోమన్ల కాలంలో క్రైస్తవుల మీద పడ్డ నిందలకి క్రైస్తవులే రాసిన జవాబులు, కలిసి చదువుదామనుకుంటే నేరుగా టెర్టుల్లియన్ అనే రచయితని పట్టుకోకండి, ఆయన లాయర్ లాగా వాదిస్తాడు, తల తిరుగుతుంది.

ముందు అసలు కేసేటో తెలియాలి కదా. సుమారు క్రీ.శ. 112లో ప్లినీ అనే రోమన్ గవర్నర్ ట్రాజన్ చక్రవర్తికి రాసిన ఉత్తరం చదవండి, చిన్నదే. క్రైస్తవుల్ని ఏం చెయ్యమంటారు అని అడుగుతాడు, ఆయనేమో వెతికి పట్టుకోవద్దు గానీ ఎవరైనా పట్టిస్తే, రుజువైతే శిక్షించు అంటాడు (అదేం న్యాయమో!). తర్వాత అపొస్తలుల కార్యములు 17, ఏథెన్సులో పౌలు గ్రీకు కవుల మాటే ఎత్తుకుని మాట్లాడతాడు.

ఇప్పుడు జస్టిన్ అనే క్రైస్తవ రచయిత 'మొదటి సమర్థన'. సుమారు 155లో ఏకంగా ఆంటోనినస్ పయస్ చక్రవర్తినే ఉద్దేశించి రాశాడు. మొత్తం ఒకేసారి వద్దు, 65 నుంచి 67 అధ్యాయాలు తియ్యండి చాలు: ఆదివారం అందరూ ఒకచోట చేరడం, రొట్టె, నీళ్ళు కలిపిన ద్రాక్షారసం, రాలేనోళ్ళ వాటా ఇంటికి పంపడం, పోగైన డబ్బు అనాథలకి వితంతువులకి. బయటేమో వీళ్ళు మనుషుల్ని తింటారు, దేవుళ్ళే లేరంటారు అని పుకార్లు, అందుకే లోపల జరిగేది ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ప్రతి పేరా పక్కన ఇది ఏ నిందకి జవాబో పెన్సిల్‌తో రాసుకోండి, అసలు ఉపయోగం అక్కడే.

అదయ్యాకే 197 నాటి టెర్టుల్లియన్ సమర్థన (అపోలొజెటికస్). ఒడియా మీడియంలో చదివి తెలుగు చదవడం రానోళ్ళుంటే ఒకరు గట్టిగా చదివి వినిపించండి.