తక్కువ గంధకం డీజిల్, పాత బస్సులు: ఎండలు ముదరకముందే తీసుకోవలసిన జాగ్రత్తలు

నడుస్తున్న బస్సు ఇంజిన్ భాగంలో మంటలు లేచాయన్న వార్త ఈ మధ్య మళ్లీ వచ్చింది. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా షార్ట్ సర్క్యూట్ అనే మాటే ముందుగా వినిపిస్తుంది. వైరింగ్ కారణం కావచ్చు. అయితే పదిహేను, ఇరవై ఏళ్లు దాటిన బస్సుల్లో డీజిల్ కారడం కూడా అంతే ప్రమాదకరమైన కారణం, పైగా ముందుగా కనిపెట్టగలిగిన కారణం. అందువల్ల ఇక్కడ ప్రధానంగా చెప్పదలచినది ఒక్కటే: ఇంజిన్‌కు డీజిల్ అందించే పంపు దగ్గర తడి కనిపించినప్పుడు దానిని తుడిచి, నట్టు బిగించి, బస్సును ట్రిప్పుకు పంపకండి.

ఈ కారడానికి ఒక కారణం డీజిల్ మారడమే. డీజిల్‌లో గంధకంపై నిబంధనలు క్రమంగా బిగిశాయి. అమెరికాలో రోడ్డు వాహనాల డీజిల్‌కు 1993లో 500 పీపీఎం (పది లక్షల భాగాలలో 500 భాగాలు) పరిమితి వచ్చింది, 2006 నుంచి 15 పీపీఎం డీజిల్ అమలులోకి వచ్చింది. యూరప్‌లో 2009 నుంచి, భారతదేశమంతటా బీఎస్-6 కాలుష్య ప్రమాణంతో 2020 ఏప్రిల్ నుంచి పరిమితి 10 పీపీఎం. ఈ ఇంధనం పాత ఇంజిన్‌కు శత్రువు కాదు. ఆమ్లాలు తక్కువగా పుడతాయి కాబట్టి కొంత మేలే చేస్తుంది. చిక్కంతా రబ్బరుతోనే వస్తుంది. గంధకాన్ని తీసివేసే శుద్ధిలో ఆరోమాటిక్ పదార్థాలు (రబ్బరును ఉబ్బించే ఒక రకం హైడ్రోకార్బన్లు) కూడా కొంత తగ్గుతాయి. ఏళ్ల తరబడి పాత డీజిల్‌లో నానిన నైట్రైల్ రబ్బరు సీళ్లు (అతుకుల దగ్గర డీజిల్ కారకుండా అడ్డుకునే రింగులు) ఆ పదార్థాలను పీల్చుకుని ఉబ్బి ఉంటాయి. కొత్త డీజిల్ తగిలాక అవి మళ్లీ కుంచించుకుపోతాయి. సాగే గుణం మిగిలిన సీలు సర్దుకుంటుంది, వేడికి గట్టిపడిన సీలు సర్దుకోలేక సందు వదిలేస్తుంది. కాలిఫోర్నియాలో 1993లో కొత్త డీజిల్ వచ్చినప్పుడు పాత వాహనాల పంపులు కారడానికి ఇదే కారణమని తేలింది. ఏళ్లుగా షెడ్డులో నిలిపి ఉంచి ఇప్పుడు బయటకు తీస్తున్న బస్సులో ఈ ప్రమాదం నేటికీ ఉంది.

కారడం మొదట్లో కారడంలా కనిపించదు. డీజిల్ పంపు షాఫ్టు చుట్టూ, డీజిల్ పైపును బిగించే బాంజో బోల్టు వాషరు కింద దుమ్ము నల్లగా ముద్దకట్టి, వేలు పెడితే జిడ్డుగా తగులుతుంది. ఉదయం చల్లగా ఉన్నప్పుడు చుక్కలు పడతాయి, ఇంజిన్ వేడెక్కి రబ్బరు వ్యాకోచించాక ఆగిపోతాయి. అది చూసి మెకానిక్ వేస్ట్ కాటన్‌తో తుడిచి, స్పానరుతో మరో పావు చుట్టు బిగించి, సరిపోయిందంటాడు. నేను చూసిన నష్టాలలో ఎక్కువ భాగం ఈ పావు చుట్టుతోనే మొదలయ్యాయి. బిగిస్తే రాగి వాషరు నలుగుతుంది, మర చెడుతుంది, కుంచించుకుపోయిన రబ్బరు మాత్రం మళ్లీ ఉబ్బదు. లోడు మీద ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, టర్బో ఉపరితలాలు డీజిల్ తనంతట తాను అంటుకునే వేడిని సులభంగా దాటిపోతాయి. ఇంజిన్ వెనుక ఉన్న బస్సులో డ్రైవరుకు పొగ కనిపించే సరికి చివరి సీట్లవారికి సెగ తగులుతూ ఉంటుంది. కాబట్టి తుడిచి, బిగించి పంపకండి, సీలు మార్చండి. ఒక చోట కారితే ఆ వరుసలోని సీళ్లన్నీ, రబ్బరు పైపులతో సహా, ఒకేసారి మార్చండి. వీలైన చోట వేడిని, డీజిల్‌ను తట్టుకునే వైటాన్ రబ్బరు సీళ్లు వేయించండి.

ట్యాంకు నుంచి ఫీడ్ పంపు వరకు ఉన్న లైనులో సీలు వదులైతే చుక్క బయట పడదు, గాలి లోపలికి పోతుంది. ఉదయం స్టార్ట్ కాకపోవడం, రోజూ చేత్తో ప్రైమింగ్ చేయవలసి (లైనులోని గాలి పోయేలా డీజిల్ కొట్టవలసి) రావడం దాని గుర్తులు. బ్యాటరీని నిందించే ముందు ఆ లైను చూడండి.

రెండవ విషయం జారుడు గుణం. గంధకమే కందెన అన్నది అపోహ. దానితో పాటు శుద్ధిలో పోయే ఇతర పదార్థాలు పంపును కాపాడేవి. స్వీడన్‌లో 1991 ప్రాంతంలో ఇలాంటి డీజిల్ వచ్చిన కొత్తలో ఇంజెక్షన్ పంపులు త్వరగా అరిగిపోవడంతో దానిలో జారుడు గుణం పెంచే మందు కలపడం మొదలుపెట్టారు. ఇప్పుడు బంకులో దొరికే డీజిల్‌కు అరుగుదల పరీక్ష ఉంది; ఆ పరీక్షలో లోహం మీద పడే అరుగుదల మచ్చ యూరప్ ప్రమాణంలో 460 మైక్రాన్లు, అమెరికా ప్రమాణంలో 520 మైక్రాన్లు మించకూడదు. అందుకే మంచి బంకు డీజిల్‌కు మీరు అదనంగా ఏమీ కలపనక్కరలేదు. కిరోసిన్ కలిపితే మాత్రం ఆ రక్షణ పలచబడుతుంది. పూర్తిగా డీజిల్‌తోనే తడిసే రోటరీ పంపు ముందుగా దెబ్బతింటుంది.

ఇక మిగిలినవి. కిరోసిన్ కలపవద్దు, పెట్రోలు అసలే వద్దు. వాడేసిన ఇంజిన్ ఆయిల్‌ను ట్యాంకులో పోయకండి. దానిలోని బూడిద నాజిళ్లను పాడుచేస్తుంది, తర్వాత అమర్చిన పొగ ఫిల్టరు ఉంటే దానిని పూడ్చేస్తుంది. గంధకం తగ్గిందని ఆయిల్ మార్పును వాయిదా వేయకండి. డెట్రాయిట్ 71, 92 సిరీస్ టూ-స్ట్రోక్ ఇంజిన్లకు ఎస్ఏఈ 40 చిక్కదనం, సీఎఫ్-2 రకం ఆయిలే వాడండి. వాటర్ సెపరేటరులోని నీటిని తీయండి. చాలాకాలం నిలిపిన బస్సుకు ఫిల్టరు మార్చి, రెండవ ఫిల్టరు వెంట పెట్టుకోండి. నడుస్తున్న ఇంజిన్‌లో హై ప్రెషర్ పైపుల మీద చెయ్యి తడిమి లీకు వెతకకండి; ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, అట్టముక్క పట్టి చూడండి. వేడి ఇంజిన్ మీద పైపుల యూనియన్ (కలిపే నట్టు) విప్పకండి. రాత్రి పంపు కింద తెల్లకాగితం పరచండి, ఉదయం చూడండి. మంట వస్తే ముందు ప్రయాణికులను దించండి, ఇంజిన్ మూత బార్లా తెరవకండి. డ్రైవరు తడి ఉందని చెబితే ఆ రోజు ట్రిప్పు రద్దు చేయండి. మళ్లీ చెబుతున్నాను, తుడిచి, బిగించి పంపకండి. కొత్త సీలు వేశాక కూడా బస్సును ముందు ఖాళీగా నడిపి, ఇంజిన్ చల్లారాక అదే చోట మరోసారి చూసి, ఆ తర్వాతే ప్రయాణికులను ఎక్కించుకోండి.