స్టెన్సిల్, డై కట్‌లతో వాలెంటైన్ కార్డు ఎలా చేయాలి?

చేత్తో కార్డు చేద్దామని కూర్చున్నవాళ్లు చాలామంది ముందు హార్ట్ కత్తిరించుకుని, తర్వాత దానికి రంగు అద్దుతారు. పని చెడేది అక్కడే. చిన్న ముక్క బ్రష్ కింద నిలవదు, అంచులు రంగు ఎక్కువ పీల్చుకుని మచ్చ కడతాయి, కింది మొన వంగిపోతుంది. ముందు రంగు, ఆరాక కోత. ఈ వరసలో చేస్తే కష్టమనిపించే కార్డు కూడా ఓ పూట పనే.

ఇక్కడ చేసే కార్డుకు ఒకే ప్యానెల్, అంటే కార్డు ముందు అంటించే కాగితం ముక్క, చాలు. దాని నిండా స్టెన్సిల్‌తో (డిజైన్ చిల్లులుగా కోసిన పలచటి షీటు) డిజైన్ వేసి, మధ్యలోంచి డైతో (పదునైన అంచున్న సన్నని లోహపు అచ్చు) హార్ట్ కోసి, అదే హార్ట్‌ను దాని ఖాళీలోనే ఫోమ్ టేప్ (రెండు వైపులా అంటుకునే మందపాటి మెత్తటి టేపు) మీద ఎత్తుగా కూర్చోబెడతాం. డిజైన్ తెగినట్టు కనిపించదు, హార్ట్ మాత్రం పైకి లేచి నీడ పడుతుంది.

కావలసినవి

కార్డు బేస్‌కు 250 నుంచి 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) కార్డ్‌స్టాక్, ఏ4 సైజుది ఒకటి. ప్యానెల్‌కు నునుపైన తెల్లది, 200 జీఎస్ఎం ఉంటే చాలు. అక్షరాలకు అదే మందంలో ముదురు ఎరుపు ముక్క. 6 అంగుళాల చదరపు స్టెన్సిల్, 65 నుంచి 70 మి.మీ. వెడల్పున్న హార్ట్ డై, ఏదైనా ఒక మాట ఉన్న డై, చేత్తో తిప్పే డై కటింగ్ మెషిన్. గులాబీ, ఎరుపు ఇంక్ ప్యాడ్‌లు, రంగుకో బ్లెండింగ్ బ్రష్. మాస్కింగ్ టేప్, డబుల్ సైడ్ టేప్, 1 మి.మీ. ఫోమ్ టేప్, కొంచెం తెల్ల జిగురు, స్టీలు స్కేలు, కట్టర్.

స్కూలు ప్రాజెక్టులకు కొనే పలచటి చార్ట్ పేపర్ బేస్‌కు పనికిరాదు. ఫోమ్ మీద ఎత్తిన హార్ట్ బరువుకు కార్డు నిలబెట్టగానే ముందుకు ఒరుగుతుంది. మెరిసే కోటింగ్ ఉన్న షీటు ప్యానెల్‌కు వద్దు. సిరా ఇంకక పైపైనే ఉండి వేలు తగిలితే చెరుగుతుంది. గరుకు హ్యాండ్‌మేడ్ పేపర్ చూడ్డానికి బాగుంటుంది గానీ దాని మీద స్టెన్సిల్ అంచు స్పష్టంగా రాదు. పెళ్లికార్డులు వేసే ప్రెస్సుల దగ్గర కోతలో మిగిలిన అట్టముక్కలు అడిగి చూడండి. హైదరాబాద్ ఛత్తా బజార్ లాంటి చోట్ల అలాంటి ప్రెస్సులు వరసగా ఉంటాయి.

బేస్

ఏ4 షీటును పొడవులో సగానికి కోస్తే 148 × 210 మి.మీ. ముక్కలు రెండు వస్తాయి. ఒక్కోటీ ఒక కార్డు. 210 మి.మీ. వైపు కొలిచి 105 దగ్గర గీత నొక్కి మడిస్తే 105 × 148 కార్డు తయారు. కాగితంలో పీచు ఒక దిశగా ఉంటుంది, మడత దానికి సమాంతరంగా ఉండాలి. షీటును విరగకుండా రెండు వైపులా కొద్దిగా వంచి చూడండి. తేలిగ్గా వంగినప్పుడు వంపు గీత ఏ దిశలో ఏర్పడుతుందో అదే పీచు దిశ. అడ్డంగా మడిస్తే మడత మీద రంగు పగిలి తెల్లటి పీచు బయటపడుతుంది.

గీత నొక్కడానికి బోన్ ఫోల్డర్ (మడతలు నొక్కే మొద్దు అంచు పుల్ల) లేకపోతే సిరా అయిపోయిన బాల్‌పెన్ చాలు. నొక్కిన పల్లం కార్డుకు బయటివైపు, వెనక లేచిన ఉబ్బు లోపలివైపు వచ్చేలా మడవాలి. చాలామంది దీన్ని తిరగేసి మడుస్తారు, అందుకే మడత వంకరగా వస్తుంది.

స్టెన్సిల్ పని

ప్యానెల్ చివరి కొలత 97 × 140 మి.మీ. అయినా ఇప్పుడే ఆ సైజుకు కోయొద్దు. 110 × 150 ముక్క తీసుకోండి. వేలిముద్రలు, అంచుల్లో ముద్దకట్టిన రంగు తర్వాత కోతలో పోతాయి.

ముక్కను టేబుల్ మీద చిత్తు కాగితంపై ఉంచి, స్టెన్సిల్ పరిచి, నాలుగు వైపులా మాస్కింగ్ టేప్ వేయండి. టేపును ముందు చొక్కా గుడ్డకు ఒకసారి అద్ది తీస్తే జిగురు తగ్గుతుంది, తీసేటప్పుడు కాగితం పొర లేచిరాదు.

బ్రష్‌ను గులాబీ ప్యాడ్ మీద అద్ది, నేరుగా ప్యానెల్ మీదికి తేకండి. మొదట చిత్తు కాగితం మీద తిప్పి అదనపు సిరా వదిలించాలి. తర్వాత స్టెన్సిల్ బయట మొదలుపెట్టి, గుండ్రంగా తిప్పుతూ, చేతి బరువు వేయకుండా లోపలికి రండి. గాఢత ఒకేసారి రాదు, మూడు నాలుగు పొరల్లో రావాలి. స్టెన్సిల్ కిందికి రంగు పాకిందంటే కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే: బ్రష్‌లో సిరా ఎక్కువైంది. గట్టిగా రుద్దడం రెండో కారణం, అప్పుడు సన్నని గీతల దగ్గర స్టెన్సిల్ లేచి బ్రష్ వెంట్రుకలు కిందికి దూరతాయి.

గులాబీ అంతటా పట్టాక, హార్ట్ వచ్చే చోట మాత్రం మరో బ్రష్‌తో ఎరుపు వేయండి. మధ్యలో గాఢంగా, బయటికి వచ్చేకొద్దీ పలచగా. లేత రంగు ముందు, ముదురు తర్వాత. వరస తిరగబడితే గులాబీ ప్యాడ్‌కు ఎరుపు అంటుకుని ప్యాడ్ పాడవుతుంది.

స్టెన్సిల్‌ను ఒక అంచు పట్టుకుని నేరుగా పైకి ఎత్తాలి, పక్కకు జరపకూడదు. డై ఇంకు (కాగితంలోకి ఇంకే సిరా, కోసే డైకీ దీనికీ సంబంధం లేదు) అయితే కొద్ది నిమిషాల్లో ఆరుతుంది. పిగ్మెంట్ ఇంకు (కాగితం పైపైన నిలిచే చిక్కటి సిరా) చాలాసేపు తడిగానే ఉంటుంది, దాన్ని గంటలు వదిలేయాలి. మెషిన్ ఒత్తిడికి తడి సిరా కటింగ్ ప్లేటుకు అంటి, అక్కడినుంచి తర్వాతి కాగితానికి మచ్చగా దిగుతుంది.

బంగారు రంగు టెక్స్చర్ పేస్ట్ వాడాలని ఉంటే ఈ ప్యానెల్ మీద వద్దు. ఎండిన పేస్ట్ రోలర్ల మధ్య నలిగి పగులుతుంది. వేరే చిన్న ముక్క మీద వేసుకోండి, స్టెన్సిల్‌ను ఆ క్షణమే నీళ్లలో కడగండి.

డై కటింగ్

ముందు ప్యానెల్‌ను 97 × 140కి కోసుకోండి. హార్ట్ డైని పక్కల కనీసం 12 మి.మీ. మిగిలేలా, మధ్యకన్నా కొంచెం పైకి పెట్టండి. కింద మాటకు చోటు ఉండాలి. డై పదునైన వైపు కాగితాన్ని తాకాలి. రెండు చిన్న టేపు ముక్కలతో డైని అంటించకపోతే రోలర్ లాగినప్పుడు అది జరుగుతుంది.

ఒక కటింగ్ ప్లేటు, దాని మీద కాగితం, డై, పైన ఇంకో ప్లేటు. ఎన్ని ప్లేట్లు, ఏ మందం అన్నది మెషిన్‌ను బట్టి మారుతుంది, దాని పుస్తకంలో చెప్పినట్టే పేర్చండి. హ్యాండిల్ తిరగక మొరాయిస్తే బలవంతం చేయకండి, పేర్చడంలో ప్లేటు ఎక్కువైందని అర్థం.

కోత మధ్యలో సరిగా పడలేదా? డైలోంచి కాగితం తీయకుండా అలాగే మరోసారి పంపండి. ఒకసారి తీసి మళ్లీ పెడితే అంచు రెండు గీతలవుతుంది. ప్రతిసారీ ఒకే చోట తెగకపోతే అక్కడ ప్లేటు అరిగింది. ఒక పలచటి కాగితం అదనంగా పెట్టండి, పని అయ్యాక ప్లేట్లు తిరగేయండి. ఒకే వైపు వాడితే అవి వంగుతాయి.

మాట డైలో సన్నని గీతలుంటాయి. డైకి, కాగితానికి మధ్య బేకింగ్ పేపర్ ముక్క పెడితే అక్షరాలు చిరగకుండా ఊడివస్తాయి. ఇంకా ఇరుక్కుంటే డై వెనక చిల్లుల్లోంచి సూదితో నెట్టండి. ఆ మాటను ఎర్ర ముక్కలోంచి మూడుసార్లు కోసి, ఒకదానిమీద ఒకటి అంటిస్తే మాట కళ్లకు ఇంపుగా లేచి కనిపిస్తుంది.

అంగడిలో దొరికే మాట డైలలో ఎక్కువ ఇంగ్లిషువే. తెలుగులో ‘ప్రేమతో’ అని కావాలంటే చేత్తో కోయాలి. తలకట్టు, వత్తు అక్షరానికి తగలకుండా విడిగా ఉంటే కోశాక విడి ముక్కలై చెదురుతాయి, కాబట్టి తలకట్టును అక్షరానికి తగిలేలా గీసి, అన్నింటినీ కలుపుతూ కింద సన్నని గీత గీసి అక్షరాలను దానికి తగిలించండి. స్టెన్సిల్‌గా కోస్తే చిక్కు ఇంకోచోట: ‘నీకోసం’లో సున్నా లోపలి గుండ్రం ఊడిపోతుంది. సున్నా గీతను రెండు చోట్ల 2 మి.మీ. చొప్పున కోయకుండా వంతెనలా వదలాలి. ‘ర’కూ ఇదే పద్ధతి.

మెషిన్ లేనివాళ్లకు

పాత ఎక్స్‌రే ఫిల్మ్ గానీ ఓహెచ్‌పీ షీటు గానీ స్టెన్సిల్‌కు బాగా పనికొస్తుంది. హార్ట్ కోసం చిత్తు కాగితం సగానికి మడిచి సగం హార్ట్ కోసి, ఆ అచ్చును ప్యానెల్ మీద పెన్సిల్‌తో గీయండి. కోసేటప్పుడు కట్టర్‌ను కాదు, కాగితాన్ని తిప్పాలి. కొత్త బ్లేడు తప్పనిసరి. హార్ట్, దాని చుట్టూ ఉన్న ప్యానెల్ రెండూ మనకు కావాలి గనక కోత ఆగకుండా ఒకే గీతలో సాగాలి.

అతికించడం

లోపల రాయాల్సింది ఇప్పుడే రాసేయండి. హార్ట్ ఎత్తు వచ్చాక కార్డు కింద సమంగా ఆనదు, అక్షరాలు వంకర పోతాయి.

ప్యానెల్‌ను నాలుగు అంచుల్లో డబుల్ సైడ్ టేప్‌తో బేస్ మీద అంటించండి. చుట్టూ 4 మి.మీ. అంచు మిగలాలి. ఇక్కడ తెల్ల జిగురు వద్దు. అందులోని నీటికి పెద్ద ముక్క సాగి, ఆరాక కార్డు వంగుతుంది. హార్ట్ వెనక ఫోమ్ టేప్ ముక్కలు అంచుకు 3 మి.మీ. లోపలగా పెట్టి, చుట్టూ ఖాళీ సమంగా ఉందో లేదో చూసుకుని నొక్కండి. ఫోమ్ అంటుకున్నాక లాగితే కాగితం పొర చీలుతుంది. మాటను మాత్రం పుల్లతో తీసిన జిగురు చుక్కలతో హార్ట్ కింద వదిలిన చోట అంటించండి.

ఇలా పొరలు ఎత్తి కార్డు చేయడం కొత్తేమీ కాదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం వుస్టర్ పట్టణంలో ఎస్తర్ హౌలాండ్ 1840ల చివరలోనే లేసు కాగితం పొరలతో వాలెంటైన్ కార్డులు చేయించి అమ్మింది.

ఈ కార్డుకు 114 × 162 మి.మీ. ఉండే సీ6 కవరు సరిపోతుంది. పోస్టులో పంపేదైతే 2 మి.మీ. ఫోమ్ వాడకండి, ముందువైపు ఓ పలచటి అట్ట అడ్డం పెట్టి కవరులో దూర్చండి. ఫిబ్రవరి 14కి అందాలంటే ఊళ్లోకైతే వారం ముందు, విదేశానికైతే జనవరిలోనే పోస్టు చేయాలి.