అంటు కట్టే ముందు కార్తె చూడండి

మామిడి అంటు బతకలేదంటే అందరూ కత్తినో చేతినో అంటారు, నేను మాత్రం ముందు ఏ నెలలో కట్టారని అడుగుతాను. కొమ్మ నుంచి కోసిన పుల్లకి వేరు ఉండదు, కింది మొక్కతో అతుకు పడేదాకా తనలో ఉన్న తడితోనే బతకాలి. మన డెల్టాలో రోహిణి కార్తె ఎండకి, వడగాలికి ఆ తడి నిలవదు. మా పెరటి కొత్తపల్లి కొబ్బరి రకం మామిడి పుల్లలు ఒక ఏడాది మే నెలలో తొందరపడి కట్టి అన్నీ పోగొట్టుకున్నాను, ఆ బాధ ఇంకా ఉంది.

కాబట్టి మృగశిర దాటి నాలుగు వానలు పడి గాలిలో చెమ్మ వచ్చేదాకా ఆగండి. జూలై, ఆగస్టు బాగా అనుకూలం. కడియం నర్సరీల్లోలా షేడ్‌నెట్ కింద తడి నిలపగలిగితే గడువు కొంచెం పెరుగుతుంది కానీ పెరట్లో ఆ వీలుండదు.

ఈలోపు జూన్‌లో తిన్న పండ్ల టెంకలు వెంటనే నాటండి, మామిడి టెంక దాచిపెడితే మొలిచే శక్తి త్వరగా పోతుంది. మొలక పది పదిహేను రోజులదై, ఆకు ఇంకా రాగి రంగులో ఉన్నప్పుడే టెంక అంటు, అంటే ఆ లేత మొలక మీద పుల్లని, కట్టాలి, ఆకు ముదిరి పచ్చబడిందంటే ఆలస్యమైనట్టే.

అసలు చాలామంది తప్పేది పుల్ల దగ్గర. పూత రాని, మూడు నాలుగు నెలల వయసున్న, మొలక కాండమంత లావు కొమ్మని చూసుకుని, కట్టే రోజుకి వారం పది రోజుల ముందే ఆకులు తుంచి తొడిమలు మాత్రం ఉంచాలి. తొడిమలు వాటంతటవే రాలి చివరి మొగ్గ ఉబ్బుతుంది, విచ్చుకోకముందే పొద్దున్నే కోయండి. అంటే జూలై మూడో వారంలో కట్టాలంటే రెండో వారంలోనే చెట్టు దగ్గరికి వెళ్ళాలి!

ముసురు పట్టిన రోజు మాత్రం వద్దు, కోతలోకి నీరు దిగితే కుళ్ళుతుంది. తెరిపి ఇచ్చాక మొలకని రెండు మూడు అంగుళాల ఎత్తులో కోసి, చీల్చి, పుల్లని మేకులా చెక్కి దింపి, కనీసం ఒక పక్కైనా బెరడుకి బెరడు కలిసేలా పాలిథిన్ పట్టీ బిగించి, పైన సన్నని కవర్ తొడిగి నీడలో పెట్టండి. చిగురు వచ్చాకే కవర్ తీయాలి.

జామకైతే ఇవే వానల్లో గాలి అంటు, అంటే కొమ్మ చెట్టు మీద ఉండగానే దానికి వేళ్ళు తెప్పించడం, సులువు.

కట్టిన అంటుని అదే ఏడాది పొలంలో నాటకండి. మన నల్లరేగడిలో నీళ్ళు నిలుస్తాయి, అక్టోబరు, నవంబరు తుఫాను గాలికి లేత అతుకు విరుగుతుంది. శీతాకాలంలో పూత వస్తే జాలిపడకుండా తుంచేయండి.