ఒకే హెడర్‌తో 32 బిట్, 64 బిట్ రెండూ

64 బిట్ లినక్స్‌లో జీసీసీ కంపైలర్‌కి -ఎం32 (32 బిట్ కోడ్ చేయమనే ఆప్షన్) ఇచ్చి నాలుగు లైన్ల ప్రోగ్రామ్ కంపైల్ చేసినా తరచుగా వచ్చే ఎర్రర్ ఒకటుంది: జీఎన్‌యూ/స్టబ్స్-32.హెచ్ అనే హెడర్ ఫైలు లేదు. ఫెడోరాలో జీలిబ్‌సీ-డెవెల్ ఐ686 ప్యాకేజీ, డెబియన్‌లో జీసీసీ-మల్టీలిబ్ వేస్తే అది పోతుంది. అసలు కిటుకు మాత్రం ఆ ఫైలు పేరులోనే ఉంది. స్టబ్స్.హెచ్ అందరికీ ఒకటే. అది మాక్రోలు చూసి -32, -64, -ఎక్స్32 (64 బిట్ ప్రాసెసర్ మీదే 4 బైట్ల పాయింటర్లతో నడిచే రకం) ఫైళ్లలో తగినదాన్ని తెచ్చుకుంటుంది. 32, 64 బిట్ రెండిటికీ ఇవ్వాల్సిన మీ లైబ్రరీకీ ఇదే దారి.

ముందు లైబ్రరీని రెండు రకాలుగానూ బిల్డ్ చేసి, వేర్వేరు డెస్ట్‌డిర్‌లలో (ఇన్‌స్టాల్‌కు ఇచ్చే తాత్కాలిక ఫోల్డర్లు) ఇన్‌స్టాల్ చేసి, ఇన్‌క్లూడ్ ఫోల్డర్ల మీద డిఫ్ -ఆర్‌యూ నడపండి. తేడా వచ్చేది ఎక్కువగా కాన్ఫిగర్ స్క్రిప్ట్ తయారుచేసిన హెడర్‌లోనే: సైజాఫ్_లాంగ్ (లాంగ్ రకానికి ఎన్ని బైట్లు) ఒకచోట 8, ఇంకోచోట 4. కామెంట్‌లో పడ్డ బిల్డ్ తేదీ కూడా తేడానే, దాన్ని తీసేయండి. ఫెడోరా ప్యాకేజీ సాధనం ఆర్‌పీఎంలో రెండు ఆర్కిటెక్చర్ల ప్యాకేజీలు ఒకే చోట పెట్టే హెడర్ బైటు బైటుకీ కలవాలి, లేకపోతే కాన్‌ఫ్లిక్ట్ అంటుంది. డెబియన్‌లోని డీపీకేజీ కూడా అంతే.

హెడర్‌ను విడగొట్టే ముందు ఒకటి చూడండి. జీసీసీ, క్లాంగ్ కంపైలర్లు రెండూ __సైజాఫ్_లాంగ్__, __సైజాఫ్_పాయింటర్__ మాక్రోలను తామే ఇస్తాయి. అంకె బదులు ఆ మాక్రోనే రాస్తే చాలాసార్లు పని అక్కడితో అయిపోతుంది. నా ఓటు దీనికే.

కుదరకపోతే కాన్ఫిగ్-32.హెచ్, కాన్ఫిగ్-64.హెచ్ అని రెండు చేసి, పాత పేరుతో చిన్న ర్యాపర్ పెట్టండి. అందులో బిట్స్/వర్డ్‌సైజ్.హెచ్‌ను ఇన్‌క్లూడ్ చేసి, __వర్డ్‌సైజ్ 32 అయితే మొదటిది, 64 అయితే రెండోది, ఏదీ కాకపోతే #ఎర్రర్. ఎక్కువమంది దెబ్బతినేది ఇన్‌క్లూడ్ గార్డ్ (హెడర్ రెండోసారి రాకుండా ఆపే మాక్రో) దగ్గర: ర్యాపర్‌కీ లోపలి ఫైలుకీ ఒకే గార్డ్ పేరుంటే లోపలిది ఖాళీగా వస్తుంది. ఒక్క డెఫినిషన్ కూడా దొరకదు, ఎర్రర్ మాత్రం ఇంకెక్కడో పడుతుంది. ఫెడోరా ప్యాకేజీ తయారీ ఫైలైన స్పెక్‌లో ఈ పనికి మల్టీలిబ్_ఫిక్స్_సీ_హెడర్ మాక్రో ఉంది. డెబియన్‌లో ర్యాపర్ అక్కర్లేదు, తేడా ఉన్న ఫైలును యూఎస్ఆర్/ఇన్‌క్లూడ్ కింద ఆయా ఆర్కిటెక్చర్ పేరున్న ఫోల్డర్‌లో పెడితే చాలు.

__ఎక్స్86_64__ ఒక్కటే చూసి 64 బిట్ అనుకోవద్దు. ఎక్స్32లోనూ ఆ మాక్రో ఉంటుంది, కానీ లాంగ్, పాయింటర్ 4 బైట్లే.

అక్షరం తేడా లేని హెడర్ కూడా మోసం చేస్తుంది. ఒక ఇంట్, తర్వాత ఒక లాంగ్ లాంగ్ ఉన్న స్ట్రక్ట్ 32 బిట్ ఐ386లో 12 బైట్లు, ఎక్స్86_64లో 16. స్ట్రక్ట్ లోపల లాంగ్ లాంగ్‌కి ఐ386 ఇచ్చే అలైన్‌మెంట్ (మెమరీలో ఎన్ని బైట్ల గుణిజం దగ్గర మొదలవ్వాలో) 4 మాత్రమే. అలాంటి స్ట్రక్ట్‌ను ఫైల్లో రాసినా, షేర్డ్ మెమరీలో పెట్టినా అవతలి ప్రాసెస్ చెత్త చదువుతుంది. మధ్యలో 4 బైట్ల ప్యాడింగ్ మీరే పెట్టండి, లేదా ఆ ఫీల్డ్‌కు అలైన్డ్(8) ఇవ్వండి. కెర్నెల్ హెడర్లలో __అలైన్డ్_యూ64 ఉన్నది ఇందుకే.

సైజులకు, ఆఫ్‌సెట్లకు _స్టాటిక్_అసర్ట్‌లు (కంపైల్ సమయంలోనే సరిచూసే షరతులు) రాసిన చిన్న సీ ఫైలును -ఎఫ్‌సింటాక్స్-ఓన్లీతో (తనిఖీ మాత్రమే చేసే ఆప్షన్), -ఎం32కి ఒకసారి, -ఎం64కి ఒకసారి నడపండి. ఫలితం అనుమానంగా ఉంటే -హెచ్ (క్యాపిటల్ అక్షరం) జోడించండి, ఏ హెడర్ ఏ ఫోల్డర్ నుంచి వచ్చిందో వరుసగా చూపిస్తుంది.