అంబాసిడర్ స్టార్ట్ కావడం లేదా? కరెంటు ఎక్కడ ఆగిందో చూడండి

పాత పెట్రోల్ అంబాసిడర్ పొద్దున్నే మొరాయిస్తే మనలో చాలామంది ముందు చెయ్యి పెట్టేది కార్బురేటర్ మీద. నేనూ చాలాకాలం అంతే. జెట్లు విప్పి, ఊది, మళ్లీ బిగించి, బట్టలకు పెట్రోల్ వాసన పట్టించుకున్నాక తీరా చూస్తే పాయింట్ల మధ్య మసి. పాయింట్లంటే స్పార్క్ కోసం కరెంటుని కలుపుతూ తెంపుతూ ఉండే చిన్న లోహపు ముఖాలు. ఇప్పుడు బ్యాటరీ నుంచి ప్లగ్గు దాకా వరసగా చూసుకుంటూ వెళ్తాను. పది నిమిషాల్లో తేలిపోతుంది.

ఇక్కడ చెప్పే కొలతలు పాత అంబాసిడర్లలో ఉండే 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) ఇంజిన్‌వి. తర్వాత వచ్చిన ఇసుజు ఇంజిన్‌కి ఇవి సరిపోవు. ప్రీమియర్ పద్మినికి వెతికే వరస ఇదే, గ్యాప్ కొలతలు వేరు. డీజిల్ అంబాసిడర్ వాళ్లకి స్పార్క్‌తో పనే లేదు, వాళ్ల తలనొప్పులు వేరే.

కావలసినవి: ఫీలర్ గేజ్ (సన్నటి సందులు కొలిచే రేకుల కట్ట), స్క్రూడ్రైవర్, పొడి గుడ్డ, ఒక టెస్ట్ లాంప్. పార్కింగ్ లైట్ బల్బుకి రెండు వైర్లు కలిపితే అదే టెస్ట్ లాంప్. బండి న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్ బ్రేక్ వేసి ఉండాలి. పెట్రోల్ కారుతుంటే మాత్రం స్పార్క్ టెస్టు జోలికి పోవద్దు.

సెల్ఫ్ తిరగదు, లేదా మూలుగుతుంది

బ్యాటరీ టెర్మినళ్లు, ఇంజిన్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ చూడండి. తెల్లటి పొడి పేరుకుంటే వేణ్నీళ్లు పోసి గీకి బిగించండి. పూర్తి చార్జి ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు తొమ్మిదిన్నర కంటే కిందికి పడితే బ్యాటరీ పని అయిపోయినట్టే. ఇంకో గుర్తు: సెల్ఫ్ తిరిగినంతసేపూ ఉలుకూ పలుకూ ఉండదు, వదిలిన క్షణంలో ఇంజిన్ ఒక్కసారి దగ్గుతుంది. కరెంటంతా సెల్ఫ్ తాగేస్తుంటే కాయిల్‌కి (బ్యాటరీ వోల్టేజీని స్పార్క్‌కి సరిపడా పెంచేది) మిగలడం లేదని అర్థం.

సెల్ఫ్ బాగా తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు

అసలు కథ ఇక్కడే. డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్‌ని వంతులవారీగా ప్లగ్గులకు పంచేది) క్యాప్ తీయండి, పాయింట్లు దాని లోపలే ఉంటాయి. ఇగ్నిషన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ తీసి, టాప్ గేర్‌లో బండిని పాయింట్లు మూసుకునేదాకా కొంచెం నెట్టండి. మళ్లీ న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్. కాయిల్ నుంచి క్యాప్ మధ్యలోకి వచ్చే లావు వైరు ఊడదీసి, దాని కొనను ఇంజిన్ బ్లాక్‌కి అయిదారు మిల్లీమీటర్ల దూరంలో ఉంచండి. చేత్తో పట్టుకోకండి, గట్టిగా కొడుతుంది. ఇన్సులేషన్ ఉన్న ప్లయర్ వాడండి. ఇగ్నిషన్ ఆన్ చేసి స్క్రూడ్రైవర్‌తో పాయింట్లను టక్కున విడదీయండి.

నీలంగా, చిటపటమంటూ దూకితే కాయిల్ దాకా అంతా బాగున్నట్టే, స్పార్క్‌లో తప్పు ఉంటే అది రోటర్‌లోనో (క్యాప్ కింద తిరుగుతూ స్పార్క్‌ని ఒక్కో ప్లగ్ వైరుకి అందించే ముక్క), క్యాప్‌లోనో, ఆ తర్వాత ప్లగ్గుల దాకానో ఉండాలి. సన్నగా పసుప్పచ్చగా వస్తే, పాయింట్లు కూడా నల్లగా కాలి ఉంటే, ముందు కండెన్సర్ (పాయింట్లు విడేటప్పుడు వాటి మధ్య నిప్పురవ్వలు రాకుండా చూసే చిన్న డబ్బా) మార్చండి.

అసలు రాకపోతే టెస్ట్ లాంప్ ఒక వైరు ఎర్త్‌కి (ఇంజిన్ ఇనుముకి), రెండోది కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే టెర్మినల్‌కి పెట్టండి. పాయింట్లు విడితే బల్బు వెలగాలి, మూస్తే ఆరాలి.

ఎప్పుడూ వెలుగుతూనే ఉంటే పాయింట్లు కలవడం లేదు: మసి, నూనె, లేదా మధ్యలో వైరు తెగింది.

అసలు వెలగకపోతే ముందు ఇగ్నిషన్ స్విచ్ వైపు టెర్మినల్ చూడండి. అక్కడా లేకపోతే తప్పు స్విచ్ దగ్గరో దాని వైరింగ్‌లోనో. అక్కడ ఉంటే డిస్ట్రిబ్యూటర్ వైరు కాయిల్ నుంచి విప్పి చూడండి. అప్పుడు వెలిగితే డిస్ట్రిబ్యూటర్ లోపల ఎర్త్ అవుతోంది, వెలగకపోతే కాయిల్ పోయింది.

లోపల ఎర్త్ అవడానికి కొత్త పాయింట్లు బిగించడంలో పొరపాటే ఎక్కువసార్లు కారణం. కండెన్సర్ వైరు, కాయిల్ వైరు రెండూ పాయింట్ల స్ప్రింగ్‌కి తగలాలి, బిగించే మేకుకి తగలకూడదు. మధ్యలో వేసే, కరెంటు పారనివ్వని ఫైబర్ వాషర్ వరస మారితే బండి చచ్చినా లేవదు.

పాయింట్ల గ్యాప్

డిస్ట్రిబ్యూటర్ ఇరుసు మీది క్యామ్ (పాయింట్లను తెరిచే ఎత్తుపల్లాల ముక్క) ఎత్తు మీద హీల్ (పాయింట్లలో క్యామ్‌కి రాసుకునే మడమ) ఉన్నప్పుడు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. ఫీలర్ బ్లేడు కొంచెం రాసుకుంటూ వెళ్లాలి, ఇరుక్కోకూడదు. ముట్టుకునే ముఖాలను సన్నటి ఎమెరీ కాగితంతో రుద్ది, పెట్రోల్ అద్దిన గుడ్డతో తుడవండి. ఆ ధూళి మిగిలినా చాలు, మళ్లీ మొదటికొస్తుంది. క్యామ్‌కి ఆవగింజంత గ్రీజు రాయకపోతే హీల్ అరిగి గ్యాప్ తగ్గిపోతుంది.

ఒకసారి స్టార్ట్ అవుతుంది, ఒకసారి కాదు

నా బండికిదే జబ్బు పట్టింది. ఒక షెడ్డులో కాయిల్ మార్చారు, కండెన్సర్ మార్చారు, ప్లగ్గులు మార్చారు. ఇంటికొచ్చే దారిలోనే ఆగింది. చివరికి దొరికింది జానెడు కూడా లేని సన్న వైరు: డిస్ట్రిబ్యూటర్ లోపల, బయటి టెర్మినల్ నుంచి పాయింట్లకి వెళ్లేది. వాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజిన్ పీల్చే బలంతో స్పార్క్‌ని కొంచెం ముందుకు జరిపే ఏర్పాటు) పనిచేసినప్పుడల్లా పాయింట్లు బిగించిన ప్లేటు కదులుతుంది, దాంతో ఈ వైరూ వంగుతుంది. పైన తొడుగు నిక్షేపంగా ఉంది, లోపల రాగి పోగులు తెగాయి. రెండు చివర్లు పట్టుకుని మెల్లగా లాగితే రబ్బరులా సాగింది. వైరు మార్చాను, పీడ వదిలింది. ఇక్కడ గట్టి వైరు వేయకండి, మెత్తగా వంగేదే కావాలి.

కాయిల్ దగ్గర స్పార్క్ ఉంది, ప్లగ్గు దగ్గర లేదు

రోటర్‌ని దాని చోటే ఉంచి, కాయిల్ లావు వైరు కొనను దాని ఇత్తడికి దగ్గరగా పెట్టి పాయింట్లను విడదీయండి. స్పార్క్ రోటర్ మీదికి దూకితే, అది రోటర్‌ని చీల్చుకుని కింది ఇరుసులోకి పోతోంది. కంటికి పగులు కనిపించకపోయినా ఆ రోటర్ పారేయాల్సిందే. క్యాప్ లోపల పెన్సిల్ గీతల్లాంటి నల్ల చారలుంటే అదీ అంతే. మధ్యలోని కార్బన్ ముక్క స్ప్రింగ్ మీద ఆడుతోందో లేదో వేలితో నొక్కి చూడండి. వానాకాలంలో మాత్రం లోపల పొడి గుడ్డతో తుడిస్తే చాలాసార్లు సరిపోతుంది.

ప్లగ్ వైర్లు విప్పితే సిలిండర్ల వరస గుర్తుంచుకోండి: 1-3-4-2, పైనుంచి చూస్తే రోటర్ గడియారానికి ఎదురు తిరుగుతుంది. వరస తప్పితే స్టార్ట్ కాదు సరికదా, సైలెన్సర్‌లోంచి టపాకాయ పేలుతుంది. ప్లగ్ గ్యాప్ 0.6 మిల్లీమీటర్లు. ప్లగ్గు తడిసి ఉంటే ఆరబెట్టి, చోక్ లేకుండా, యాక్సిలరేటర్ మొత్తం తొక్కి సెల్ఫ్ కొట్టండి.

ఎండలో ఆపితే మళ్లీ లేవదు

మే నెల జబ్బు. పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ వేయడం అందరికీ తెలుసు, అది పైపుల్లో పెట్రోల్ ఆవిరి కట్టినప్పుడు పనికొస్తుంది. కానీ ముందు వేడిలోనే స్పార్క్ చూడండి. అప్పుడు సన్నగా వచ్చి, చల్లారాక లావుగా వస్తే కాయిల్‌నో కండెన్సర్‌నో అనుమానించాలి. మల్టీమీటర్ ఉంటే కాయిల్ రెండు చిన్న టెర్మినళ్ల మధ్య కొలవండి, మూడు ఓమ్‌ల దగ్గర ఉండాలి. ఒకటిన్నర చూపిస్తే అది విడిగా రెసిస్టర్ ఉండే బండ్ల కాయిల్, ఎవరో పొరపాటున బిగించారు. అది పట్టుకుంటే చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, పాయింట్లనూ తినేస్తుంది.