చంటిబిడ్డ జావకు రాగి మొలకల పిండి: ఎంజైమ్ చావకుండా చేసుకునే పద్ధతి

పూతలపట్టు దగ్గర ఒక పల్లెలో అంగన్‌వాడీ చూడ్డానికి వెళ్ళినప్పుడు, తొమ్మిది నెలల పాపకు వాళ్ళమ్మ రాగిజావ తాగిస్తోంది. గిన్నె నిండా ఉంది. పాప చుక్క మిగల్చకుండా తాగేసింది కూడా. కానీ బరువు కార్డులో గీత రెండు నెలలుగా పైకి లేవలేదు. "ఎంత పిండి వేశావమ్మా?" అని అడిగితే, "ఒక స్పూను వేసినా మేడమ్. అంతకన్నా వేస్తే ముద్దకట్టి గొంతు దిగదు, ఉమ్మేస్తుంది" అంది. పక్కనే కూర్చున్న అవ్వ, "కడుపు నిండుతా ఉంది గానీ ఒళ్ళు పట్టడంలేదు మేడమ్మా" అని బాధపడింది.

8 కిలోల బిడ్డ పొట్టలో ఒక పూటకు పట్టేది సుమారు 240 మిల్లీలీటర్లు. అందులో నీళ్ళే నింపేస్తే బలం ఎక్కడినుంచి వస్తుంది? పిండి పెంచితే జావ గట్టిపడుతుంది, బిడ్డ మింగలేదు. పిండి పెరగాలి, జావ మాత్రం జారుగానే ఉండాలి. దానికి మన ఇళ్ళలోనే దారి ఉంది. అదే మొలకెత్తిన రాగుల పిండి.

అయితే ఆ తల్లి వేసిందీ మొలకల పిండే. నేను నేర్పిన పద్ధతిలో చేసిందే. మూకుట్లో కమ్మటి వాసన వచ్చేదాకా ఎర్రగా వేయించమని ఆ ఊళ్ళో తల్లులందరికీ చెప్పింది నేనే. తిరుపతిలో పద్మావతి మహిళా యూనివర్సిటీలో హోం సైన్స్ చదివాను, ఎంజైమ్‌ల మీద పరీక్షల్లో పేజీలకు పేజీలు రాశాను. మూకుడు వేడికి జావను జారుగా చేసే ఎంజైమే చచ్చిపోతుందని పొయ్యి దగ్గర గుర్తుకు రాలేదు. ఆ పాప ముఖం ఇప్పటికీ నా కళ్ళముందు ఉంటుంది. అందుకే ఈ పద్ధతిని ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు లోపల జరిగేది తెలిస్తే, చేసేటప్పుడు ఎక్కడ జాగ్రత్తపడాలో మీకే తెలుస్తుంది. రాగి గింజలో ఎక్కువ భాగం పిండిపదార్థం. అది పొడవాటి గొలుసుల్లా ఉంటుంది. వేడినీళ్ళలో ఆ గొలుసులు నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతాయి, జావ చిక్కబడుతుంది. గింజ మొలకెత్తేటప్పుడు ఆ పిండిని చక్కెరగా మార్చి మొలకకు తిండి పెట్టాలి కాబట్టి అమైలేజ్ అనే ఎంజైమ్‌ను తయారుచేసుకుంటుంది. గొలుసును ఎక్కడికక్కడ ముక్కలు చేయడమే దాని పని. 1833లో ఫ్రాన్స్‌లో పాయెన్, పెర్సో అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు మొలకెత్తిన బార్లీ నుంచి దీన్నే వేరుచేసి డయాస్టేజ్ అన్నారు. ఎంజైమ్‌ల పేర్లకు చివర 'ఏజ్' అని తగిలించడం అక్కడినుంచే మొదలైంది. మన ఉమ్మిలో, క్లోమగ్రంథి విడిచే రసంలో ఉన్నదీ అమైలేజే. పసిబిడ్డల క్లోమం తొలినెలల్లో దాన్ని చాలా కొద్దిగా ఇస్తుంది. ఆరు నెలలు నిండేదాకా జావలు వద్దు, తల్లిపాలు చాలు అని మేము మొత్తుకోవడానికి ఉన్న కారణాల్లో అదొకటి.

ఎంజైమ్ అంటే ప్రోటీన్. ఉడికిన కోడిగుడ్డు తెల్లసొన మళ్ళీ పచ్చిసొన కానట్టే, మరిగే వేడికి చెడిన ఎంజైమ్ మళ్ళీ పనికి రాదు. 60 డిగ్రీల దగ్గర ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, మరిగిందంటే పోతుంది. గింజ తడిగా ఉన్నప్పుడు వేడి తగిలితే దెబ్బ ఎక్కువ, బాగా ఎండాక తగిలితే కాస్త ఓర్చుకుంటుంది.

ఇక పని మొదలుపెడదాం. అరకిలో కొత్త రాగులు తీసుకోండి. విత్తనాల అంగట్లో మందు పట్టించి అమ్మేవి అసలు వద్దు, అవి తినేవి కావు. నాలుగైదు సార్లు కడిగి, ఇసుక లేకుండా గాలించి, 10 నుంచి 12 గంటలు నానబెట్టండి. ఎండాకాలంలో మధ్యలో ఒకసారి నీళ్ళు మార్చాలి, లేకుంటే పులిసిన వాసన వస్తుంది. తర్వాత నీళ్ళు వంచేసి, ఉతికిన నూలుగుడ్డలో మూటకట్టి చిల్లుల గిన్నెలో పెట్టండి. పొద్దునా సాయంత్రం నీళ్ళు చిలకరించండి, గుడ్డ ఆరిపోకూడదు, నీళ్ళు నిలవనూ కూడదు.

మన తిరుపతి ఎండలకు ఒక రోజుకే తెల్లటి మొనలు కనబడతాయి. అక్కడ ఆపేయకండి. ఎంజైమ్ బాగా పెరిగేది ఆ తర్వాతే. ఇంకో రోజు ఉంచండి, చలికాలంలో అయితే మూడో రోజుదాకా. మొలక బియ్యపుగింజ పొడుగు రావాలి. మూట విప్పి మధ్యలోకి చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా తగులుతుంది. గింజలు ఊపిరి తీసుకుంటున్న వేడి అది. జిగటగా తగిలినా, బూజు వాసన వచ్చినా మొహమాటపడకుండా పారేయండి. బిడ్డకు పెట్టేదాంట్లో అరకిలో రాగులకు లెక్క చూసుకోకూడదు.

మేడ మీద గుడ్డ పరిచి, మొలకలను పల్చగా ఆరబోసి, దుమ్మూ ఈగలూ పడకుండా పైన పల్చటి చీరముక్క కప్పండి. మంచి ఎండైతే ఒక రోజు, లేకుంటే రెండు రోజులు. గింజను పంటికింద పెడితే టక్కుమని విరగాలి. మెత్తగా నొక్కుకుంటే ఇంకా తడి ఉన్నట్టే. ఎండాక అరచేతుల మధ్య నులిమి చేటలో చెరిగితే మొలకల తోకలు ఊడి పోతాయి. అవి కాస్త చేదు, పిండిలో ఉండకూడదు.

నేను తప్పు చేసింది ఈ తర్వాతి మెట్టు దగ్గర. వేయించడం అంటే వేయించడం కాదు, వెచ్చబెట్టడం. సన్నసెగ మీద మూకుడు పెట్టి, గింజలను వట్టి చేత్తోనే కలపండి. చెయ్యి పెట్టలేనంత వేడి అనిపించగానే దించేయండి. రెండు మూడు నిమిషాలు చాలు. రంగు మారకూడదు. అసలు వెచ్చబెట్టకపోయినా నష్టం లేదు, బాగా ఎండితే చాలు. మిల్లులో పట్టిస్తే పిండి కాలిపోయేంత వేడిగా వస్తుంది కాబట్టి ఇంటికి తెచ్చి వెంటనే డబ్బాలో పోయకుండా పళ్ళెంలో పరిచి చల్లార్చండి. కొద్దిపాటి పిండికి మిక్సీ చాలు, ఆపి ఆపి తిప్పండి. చివరికి పల్చటి గుడ్డలో జల్లించండి.

ఈ పిండిని వాడే తీరు వేరు. జావకు అసలు పిండి మామూలు రాగిపిండే. మొలకల పిండి పైన చల్లే చిన్న స్పూను మాత్రమే. రెండు పెద్ద స్పూన్ల రాగిపిండి, ఒక పెద్ద స్పూను వేయించిన పెసరపప్పు పొడి, ఒక గ్లాసు నీళ్ళు. ఉండలు లేకుండా చన్నీళ్ళలో కలిపి, అడుగంటకుండా బాగా ఉడికించండి. గరిటె నిలబడేంత గట్టిగా అవుతుంది. కంగారుపడి నీళ్ళు పోయకండి. దించి కాసేపు ఆగండి. వేలు పెడితే చురుక్కుమనాలి, కానీ గబుక్కున లాక్కునేంత వేడి ఉండకూడదు. అప్పుడు ఒక చిన్న స్పూను మొలకల పిండి చల్లి కలపండి.

మొదటి నిమిషం ఏమీ జరగనట్టే ఉంటుంది. కలుపుతూనే ఉండండి. గరిటెకు అడ్డుపడే ముద్ద మెల్లగా దారి ఇస్తుంది. ఐదు నిమిషాలకు, గరిటె నుంచి తపాతపా పడిందే ధారగా జారుతుంది. పది నిమిషాలకు నాలుక మీద పెట్టుకుంటే సన్నటి తీపి, గొలుసులు తెగి చక్కెరగా మారిన గుర్తు. ఇక బెల్లం, చక్కెర అక్కర్లేదు. ఆ పల్లెకు తిరిగి వెళ్ళి వాళ్ళ వంటింట్లోనే ఇది చేసి చూపించాను. ఆ తల్లి గిన్నె వంచి చూసి, "నీళ్ళు పోయలేదే మేడమ్, ఎట్ల పల్చనైంది?" అని మళ్ళీ మళ్ళీ వంచింది. ఆ పూట పాప మూడు స్పూన్ల పిండి బలం తాగింది.

పల్చబడిన జావను మళ్ళీ పొయ్యి మీద పెట్టి ఒక పొంగు రానివ్వండి. దీన్ని మాత్రం వదిలేయకండి. రెండు రోజులు తడిగుడ్డలో ఉన్న గింజల పిండి అది, అందులో సూక్ష్మజీవులు ఉంటాయి. అప్పటికి ఎంజైమ్ పని అయిపోయింది కాబట్టి చచ్చినా ఫరవాలేదు, తెగిన గొలుసులు మళ్ళీ అతుక్కోవు. గోరువెచ్చనయ్యాక అర స్పూను నెయ్యి వేసి పట్టండి.

అంగట్లో 'మొలకెత్తిన రాగులు' అని రాసిన ప్యాకెట్లను నమ్మాలా వద్దా అని అడుగుతుంటారు. ఇదే పరీక్ష పెట్టండి. ఉడికిన ముద్దను రెండు గిన్నెల్లోకి తీసి, ఒకదాంట్లో ఆ పిండి ఒక స్పూను కలిపి పది నిమిషాలు ఆగండి. రెండూ ఒకేలా ఉంటే అందులో ఎంజైమ్ బతికి లేదు. నేను కొన్న ఒక ప్యాకెట్ గిన్నెను బోర్లించినా కదల్లేదు.

ఇంకో సంగతి చాలామందికి అనుమానం తెప్పిస్తుంది. బిడ్డ ఎంగిలి స్పూను పెట్టిన జావ అరగంటకు నీళ్ళు విడుస్తుంది. పిండి మంచిది కాదేమో, దిష్టి తగిలిందేమో అనుకుంటారు. ఏమీ కాదు, బిడ్డ ఉమ్మిలోని అమైలేజ్ ఆ గిన్నెలోనూ తన పని తాను చేసుకుపోతుంది. కానీ ఎంగిలితోపాటు క్రిములూ చేరతాయి కాబట్టి మిగిలింది దాచి మళ్ళీ పెట్టకండి.

పొలం పనికి వెళ్ళే మనిషికి రాగి సంగటే కావాలి. "నమలబాక పాపా, మింగు" అనేవాడు మా తాత. నమలకుండా మింగిన ముద్ద ఉమ్మికి పెద్దగా అందదు, పిండిపదార్థం అరిగే పని దాదాపు అంతా చిన్నపేగులోనే జరగాలి. మొలకల జావ దీనికి పూర్తిగా తిరగబడిన తిండి, సగం అరిగి వస్తుంది. జ్వరం తగ్గి లేచిన ముసలివాళ్ళకు, పళ్ళు లేనివాళ్ళకు హాయిగా దిగుతుంది. షుగర్ ఉన్నవాళ్ళకు మాత్రం నేను ఇవ్వను, ముందే ముక్కలైన పిండిపదార్థం రక్తంలోకి తొందరగా ఎక్కుతుంది.

వండితే ఎంజైమ్‌లు చస్తాయి, అన్నీ పచ్చివే తినండి అని ఫోన్లలో మెసేజ్‌లు వస్తున్నాయి. వాటిని నమ్మి పిల్లలకు పచ్చి మొలకల పిండి కలిపి పెట్టకండి. మనం తిన్న ఎంజైమ్‌ను కడుపులోని ఆమ్లం, ప్రోటీన్‌ను అరిగించే పెప్సిన్ అనే ఎంజైమ్ కలిసి పప్పులో ప్రోటీన్‌ను అరిగించినట్టే చాలావరకు అరిగించేస్తాయి. మన ఒంటికి కావలసిన ఎంజైమ్‌లను ఒళ్ళే చేసుకుంటుంది. దానికి కావలసిన సరుకు మనం అందించాలి: పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూరలు, శెనక్కాయలు. వాటిలోని ప్రోటీన్, జింక్, మెగ్నీషియం, బి విటమిన్లు లేకుండా ఎంజైమ్‌ల పని సాగదు. క్లోమం దెబ్బతిన్నవాళ్ళకు డాక్టర్లు ఎంజైమ్ గొట్టం మాత్రలు రాస్తారు, అది వైద్యం. అరుగుదలకని అవి మనంతట మనం కొనుక్కోకూడదు. మొలకల పిండి పని కడుపులో కాదు, గిన్నెలోనే జరుగుతుంది.

మొలకెత్తించడం వల్ల ఇంకో లాభం ఉంది. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నా, గింజలోనే ఉండే ఫైటేట్ అనే పదార్థం దాన్ని పట్టుకుని ఒంటికి వదలదు. నానినప్పుడు, మొలకెత్తినప్పుడు ఫైటేజ్ అనే మరో ఎంజైమ్ లేచి ఆ పట్టును కొంత వదిలిస్తుంది. అందుకని జావకు వాడే మామూలు రాగులను కూడా ఒక రాత్రి నానబెట్టి, ఎండబెట్టి పట్టించుకుంటే మంచిది.

మొలకల పిండిని తడి తగలని మూత గట్టి డబ్బాలో, తడిలేని స్పూనుతో వాడండి. నెలకు సరిపడా మాత్రమే చేసుకుని, డబ్బా మీద తేదీ రాసిపెట్టండి. నెల దాటాక మిగిలింది పాడవకుండా ఉంటే దోసెపిండిలో కలిపేయండి, బిడ్డ జావకు కొత్త రాగులు నానబెట్టండి.